మూడు సంచుల ఎర

"ఆ గడప దాటావంటే పొద్దున తిన్నదంతా బయటికొస్తుంది గురూ. తర్వాత నన్ననకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, రుమాలు ముక్కుకి అదుముకుని.

డిటెక్టివ్ ఆ మాట చెవిన వేసుకోలేదు. వంగి బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు తగిలించుకుని టైము చూసుకున్నాడు. శుక్రవారం, ఉదయం తొమ్మిదీ పది. సాయంత్రం నాలుగింటికి ఎరలాయన అల్లుణ్ణి హత్యకేసు మీద కోర్టులో నిలబెడతారు. ఒకసారి ఆ ముద్ర పడ్డాక చెరపడం ఎవరి తరమూ కాదు.

ఎరలాయన అంటే చచ్చిపోయినాయన. గాలం వేసేవాళ్ళకి బతికున్న తెల్లపురుగులు అమ్మేవాడు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరికీ దాంతో పనిపడలేదు. గురువారం నుంచి ఆదివారం దాకా కొట్టు తెరుస్తాడు. మిగతా మూడు రోజులూ ముందు తలుపు మూసి, వెనక గదిలో సరుకు పని చూసుకుంటాడు. ఆ వెనక గదిలోనే నిన్న ఉదయం ఎనిమిదింటికి, కొట్టు తుడవడానికి వచ్చిన భార్యకి శవమై కనిపించాడు.

"అసలు నిన్నెవరు రమ్మన్నారు?"

"ఆయన కూతురు."

కూతురు రోడ్డుకి అవతల, సైకిళ్ళ షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఐదో నెల. తండ్రి శవం ఆసుపత్రిలో, మొగుడు లాకప్పులో. తెల్లారకముందే డిటెక్టివ్ ఇంటి తలుపు కొట్టి, ఏడవకుండా, ఒక్కటే మాట అంది: "మా ఆయన తోశాడు సార్. అది నిజమే. కానీ చంపలేదు."

ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ ఒకే రోజు ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఒకడు మెట్లెక్కాడు. రెండోవాడు పైఅధికారి మొహాన రాజీనామా కొట్టి బయటికొచ్చాడు. పదకొండేళ్ళయినా ఒకరి నీడ ఒకరికి గిట్టదు. అయినా నువ్వూ నేనూ అనుకోవడం మాత్రం మానలేదు.

"విను, మళ్ళీ మళ్ళీ చెప్పను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సోమవారం సాయంత్రం ఏడున్నరకి మామా అల్లుడూ లోపల కేకలేసుకున్నారు. సైకిళ్ళ షాపువాడు చెవులారా విన్నాడు. ఏడూ నలభైకి అల్లుడు వెనక తలుపు ధడాల్న లాగేసి పోయాడు. ఒక్క తోపు తోశానని వాడే ఒప్పుకున్నాడు. పెద్దాయన తల ఇనప బల్ల అంచుకి కొట్టుకుంది, చచ్చాడు. ఇంకేం కావాలి నీకు? కొండను తవ్వి ఎలుకను పడతావా?"

"గొడవ దేనికి?"

"కూతుర్ని మంగళవారం నుంచి పనిలోకి రమ్మన్నాడట ముసలాయన. వచ్చి పురుగులు జల్లెడ పట్టాలట. కడుపుతో ఉన్నదాన్ని ఆ ఘాటులో నిలబెట్టనని అల్లుడు. మాటామాటా పెరిగింది."

"నువ్వు లోపల ఎంతసేపున్నావు?"

పక్కనున్న కానిస్టేబులు తన బూట్లకేసి చూసుకున్నాడు.

"మూడు నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. "ఫొటోలు తీయించాం. చాలు."

"నేను కాస్త ఎక్కువసేపే ఉంటాను."

"నీ ఖర్మ."

ఖర్మేమీ లేదు. మూడేళ్ళ కిందట డిటెక్టివ్‌కి ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసన తెలిసే గుణాన్ని కూడా వెంటబెట్టుకుపోయింది. మల్లెపూలయినా మురిక్కాలవయినా అతనికి ఒకటే. భార్య వండింది మాడినా తెలియదు, అందుకని ఇంట్లో శాంతిగా ఉంటుంది. ఆ గదిలో కళ్ళు మాత్రం మండాయి. కళ్ళు తుడుచుకుంటూ పని మొదలుపెట్టాడు.

గది పదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. మధ్యలో నడుమెత్తు ఇనప బల్ల. దాని మీద పెద్ద జల్లెడ, కడిగి బోర్లించి ఉంది. బల్ల కింద మూడు ఖాళీ సంచులు, మడతలు సమంగా పెట్టి. మూల తవుడు డబ్బా. గోడవారన రెండు స్టీలు ఫ్రిజ్జులు. వెనక తలుపుకి లాగితే దానంతటదే పడే తాళం. బయటినుంచి తెరవాలంటే తాళంచెవి ఉండాల్సిందే.

నేలంతా సన్నని రంపపుపొట్టు పరుచుకుని ఉంది. బల్లకి ఈ పక్క ఎక్కువ, గోడ దగ్గర తక్కువ. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని తల నేలకి ఆనించి, వాలు చూపుగా చూశాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి, టార్చి పడుకోబెట్టి వెలుగు నేల మీద పారేలా చేసి, ఇంకోసారి చూశాడు.

"ఇంకా బతికే ఉన్నావా లోపల?" గుమ్మం బయట్నుంచి ఇన్‌స్పెక్టర్ కేక.

"ఉన్నాను. నీ ఫొటోలో ఈ నేల పడిందా?"

"శవం పడింది. నేలతో మాకేం పని?"

డిటెక్టివ్ ఫ్రిజ్జు తెరిచాడు. లోపలి ముల్లు మూడు డిగ్రీల దగ్గర ఉంది. పద్దెనిమిది ట్రేలు, వెడల్పుగా, లోతు తక్కువగా, మూతలకి సూదిబెజ్జాలు. ఒక మూత తీశాడు. పొడి తవుడులో తెల్లపురుగులు మగతగా పడి ఉన్నాయి, ఒక్క చచ్చిన పురుగు లేదు. ఒకదాన్ని అరచేతిలో వేసుకున్నాడు. ఒంటి వేడి తగలగానే అది ఒళ్ళు విరుచుకుని పాకడం మొదలుపెట్టింది. చాలా జాగ్రత్తగా పెట్టిన సరుకు. ఎవరో ప్రాణం పెట్టి చేసిన పని.

కానీ ఆ విద్య డిటెక్టివ్‌కి తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు నటించే అలవాటు కూడా లేదు. అందుకే పురుగుల ఫారం నుంచి సరుకు తెచ్చే వ్యాను డ్రైవర్ని తొమ్మిదీ ముప్పావుకి రమ్మన్నాడు. బొద్దుగా, కంగారుగా ఉన్న మనిషి. వచ్చీ రావడంతోనే ట్రే మీదికి వంగి, ఒక పురుగుని వేలి మీదికెక్కించుకుని వెలుతురుకి పట్టాడు.

"మంగళవారం సరుకే సార్ ఇది."

"ఎలా చెప్తావ్?"

"ఒంట్లో ఈ నల్లచుక్క చూడండి. అది తిన్న తిండి. మా దగ్గర్నుంచి వచ్చిన రోజు బాగా కనిపిస్తుంది, ఆ తర్వాత రోజురోజుకీ తరిగిపోతుంది. పోయిన వారంవి అయితే చుక్కే ఉండదు."

"నువ్వు తెచ్చేటప్పుడు ఇలాగే తెస్తావా, తవుడులో?"

"ఎక్కడి తవుడు సార్! రంపపుపొట్టులో కలిపి సంచుల్లో పోస్తాం. అక్కడే ఉంది తంటా అంతా. కుప్పగా ఉంటే వాటి వేడికి అవే ఉడుకుతాయి. చెమట పడతాయి, ఘాటెక్కుతాయి. వచ్చిన రెండు గంటల్లోపు సంచి విప్పాలి. జల్లెడ పట్టి పొట్టు కిందికి దులిపేయాలి. చచ్చినవి ఏరేయాలి. పొడి తవుడులో రెండు వేళ్ళ మందం, అంతకు మించకుండా పరిచి చల్లలో పెట్టాలి. మూత లోపల తడి ఉండకూడదు, తడి తగిలితే గోడెక్కి పారిపోతాయి. ఇందులో ఏది తప్పినా సరుకు గోవిందా."

"చల్లలో పెట్టకపోతే?"

"గింజల్లా గట్టిపడి, వారం తిరక్కుండా ఈగలై గదంతా నిండుతాయి."

"మూడు సంచులకి ఎంతసేపు పడుతుంది?"

"చెయ్యి తిరిగినవాళ్ళకి గంటన్నర. మీకూ నాకూ అయితే మధ్యాహ్నం దాకా."

"మంగళవారం ఎన్నింటికి దించావు?"

"ఆరూ పది. వెనక మెట్టు మీద మూడు సంచులు పెట్టి బెల్లు కొట్టాను. ప్రతివారం అంతే. పెద్దాయన వచ్చి తీసుకుంటాడు."

"ఆ రోజూ వచ్చాడా?"

డ్రైవరు పురుగుని మెల్లగా ట్రేలోకి దించి మూత పెట్టాడు. మూత సరిచేసే నెపంతో కాసేపు తల ఎత్తలేదు.

"లోపల్నుంచి ఏదో అన్నాడు సార్. 'ఉండు' అన్నట్టు వినబడింది. గొంతు నీరసంగా ఉంది. నిద్ర లేస్తున్నాడేమో అనుకున్నాను. ఇంకా ఆరు కొట్లకి వెయ్యాలి, బండిలో సరుకు వేడెక్కుతోంది... వెళ్ళిపోయాను."

"పోలీసులకి చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదు సార్." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకో, మరి దేనికో. "నేను ఆ రోజు తలుపు తట్టుంటే..."

డిటెక్టివ్ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి పంపేశాడు.

పదింబావుకి ఇన్‌స్పెక్టర్‌కి ఈ ముక్క చెప్పాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళలో ఆయన మొదటివాడు. ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నాడు.

"మంచిదే. మంగళవారం ఆరింటికి బతికున్నాడు. లేచాడు, సంచులు తెచ్చుకున్నాడు, జల్లెడ పట్టుకున్నాడు, ట్రేలు సర్దుకున్నాడు. తర్వాత తల తిరిగి పడి చచ్చాడు. అయినా దెబ్బ దెబ్బే. కొట్టినవాడు అల్లుడే."

"లోపలికి రా."

"నేనా?"

"రెండు నిమిషాలు. ఊపిరి బిగబట్టుకో. ఒక మనిషి జన్మంతా జైల్లో పోతుందయ్యా, నీ ముక్కుకేమీ కాదు!"

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. అయినా వచ్చాడు. డిటెక్టివ్ టార్చి నేల మీద పారించాడు. బల్ల పక్కన, పొట్టు పరుచుకున్న నేలలో, ఐదున్నర అడుగుల పొడవున ఒక చోట మాత్రం పొట్టు లేదు. భుజాలు, ఒక పక్కకి మడిచిన చెయ్యి, చాపిన కాళ్ళు స్పష్టంగా తెలుస్తున్నాయి. దాని చుట్టూ పొట్టు పలచగా, సమంగా రాలి ఉంది.

"నువ్వు శవాన్ని తీయించింది ఇక్కణ్ణుంచే కదా?"

"అవును."

"ఆయన తనే నిలబడి జల్లెడ పట్టి తర్వాత పడుంటే, పొట్టు ఆయన కింద ఉండాలి. కింద లేదు. చుట్టూ ఉంది. అంటే మనిషి ముందే పడి ఉన్నాడు. ఆయన పక్కనే నిలబడి, ఆయన మీదికి పొట్టు రాలుతుండగా, ఇంకెవరో మూడు సంచులూ జల్లెడ పట్టారు."

ఇన్‌స్పెక్టర్ నేలకేసి చూస్తూనే ఉన్నాడు. రుమాలు ఎప్పుడు కిందికి జారిందో ఆయనకే తెలియదు. తెలిసిన మరుక్షణం బయటికి పరిగెత్తి కాలవ పక్కన వంగాడు. డిటెక్టివ్ నవ్వలేదు.

పదకొండూ ఐదుకి ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. శవపరీక్ష చేసిన డాక్టరు. ఇన్‌స్పెక్టర్ స్పీకరు నొక్కాడు. పాపం, మనిషి మొండివాడే గాని దొంగ కాదు.

"నిన్న చెప్పిన టైము తప్పండీ," అంది డాక్టరు. "సోమవారం రాత్రి కాదు, మంగళవారం పొద్దున పోయాడు. ఎనిమిదికీ పదికీ మధ్య. తలలో రక్తం ఒక్కసారిగా కాదు, మెల్లగా పేరుకుంది. చాలాసేపు తెలివిలోనే ఉండుంటాడు, మాట్లాడి కూడా ఉంటాడు."

"లేచి తిరిగాడా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"అసంభవం. కుడి తుంటి ఎముక విరిగిపోయింది. పాకను కూడా పాకలేడు. ఇంకో సంగతి. మొహం మీదా ఛాతీ మీదా రంపపుపొట్టు. అది సరే అనుకున్నాను. ముక్కులోనూ గొంతులోనూ ఊపిరి గొట్టంలోనూ కూడా ఉంది. బతికుండగానే పీల్చాడు."

"ఆరున్నర, ఏడింటికి ఆసుపత్రికి తెస్తే?" ఈసారి అడిగింది డిటెక్టివ్.

"దెబ్బ అంత పెద్దదేం కాదండీ. వయసు మళ్ళినవాడే. అయినా బతికేవాడనే అంటాను."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంత దారుణం ఎక్కడా చూళ్ళేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "కాళ్ళ దగ్గర మనిషి మూలుగుతుంటే వాడు పురుగులకి పక్కలు వేశాడా? ఎవడు వాడు?"

"తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి శవం జేబులో ఉంది. రెండోది..." ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. "రెండోది ఇంట్లో మేకుకి ఉంటుందని పెద్దాయన భార్యే చెప్పింది."

"ఆవిణ్ణి పిలిపించు. బెదిరించకు. అల్లుడి సంగతేదో అడగాలని చెప్పు."

డిటెక్టివ్ రోడ్డు దాటి కూతురి దగ్గరికి వెళ్ళాడు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. దానికి జవాబు లేకపోతే బాగుండునని పదకొండేళ్ళలో మొదటిసారి అనుకున్నాడు.

"మంగళవారం నుంచి నిన్ను పనికి రమ్మన్నారు కదా తల్లీ. వెళ్ళావా?"

"లేదు సార్. వెళ్దామనే తయారయ్యాను. ఆయన వద్దన్నా సరే, నాన్నతో గొడవెందుకని. ఎనిమిదీ ఇరవైకి అమ్మ ఫోన్ చేసింది. 'ఇవాళ పని లేదమ్మడూ, అంతా అయిపోయింది, నువ్వు రావద్దు, పడుకో' అంది."

"అంతా అయిపోయింది అందా?"

"ఆఁ." ఆ పిల్ల అతని మొహంలోకి చూసింది. "ఏంటి సార్? ఏమైనా దొరికిందా?"

డిటెక్టివ్ ఆమె పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇలాంటి మాట ఎలా చెప్పాలో ఏ ఉద్యోగంలోనూ నేర్పరు.

"దొరికింది. మీ ఆయన మీద హత్యకేసు నిలవదు. తోశాడు కాబట్టి శిక్ష ఎంతో కొంత పడొచ్చు, కానీ ప్రాణం తీసింది మాత్రం ఆ తోపు కాదు. మంగళవారం పొద్దున ఒక మనిషి మీ నాన్నని బతికుండగా చూసి, వదిలేసి వెళ్ళిపోయారు. ఆ మనిషెవరో తేలితేనే మీ ఆయన బయటపడతాడు. నువ్వు నన్ను పిలిచావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. తవ్వమంటావా, ఇక్కడితో ఆపమంటావా?"

"అదేం మాట సార్! బతికున్న మనిషిని వదిలేసి వెళ్ళారా? వాళ్ళూ ఒక మనిషేనా?" కళ్ళు నిప్పులు కురిశాయి. "ఎవరైనా సరే, వదలకండి."

డిటెక్టివ్ తల ఊపి లేచాడు. ఇంకోసారి అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

పన్నెండున్నరకి ఎరలాయన భార్య వచ్చింది. బక్కపల్చటి మనిషి, చీరకొంగు చేతుల చుట్టూ చుట్టుకుని ఉంది. నేరుగా వెనక గదిలోకి నడిచింది, ముక్కు ముడవలేదు. ఫ్రిజ్జు తలుపు వేలెడంత తెరిచి ఉండటం చూసి, ఎవరూ అడక్కుండానే వెళ్ళి మోకాలితో గట్టిగా నెట్టింది. అది 'టప్' మని పడ్డాకే ఇటు తిరిగింది. కొంగు జారినప్పుడు చేతులు కనిపించాయి. మణికట్ల దాకా తోలు పొరలు పొరలుగా లేచి, ఎర్రగా పగిలి ఉన్నాయి.

"అల్లుడు ఎలా ఉన్నాడు బాబూ?"

"బాగానే ఉన్నాడమ్మా. మంగళవారం పొద్దున మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే."

"కొట్టుకి రాలేదా?"

"ఆదివారం తర్వాత నిన్ననే రావడం."

"మరి ఎనిమిదీ ఇరవైకి అమ్మాయికి ఫోన్ చేసి, పనంతా అయిపోయిందని ఎలా చెప్పారు? మూడు సంచుల సరుకు ఆరూ పదికి వచ్చింది. తలుపు తాళం వేసి ఉంది. ఆయన చెవి ఆయన జేబులోనే ఉంది."

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఒక అడుగు ముందుకి వేశాడు. డిటెక్టివ్ చెయ్యెత్తి ఆపాడు. ఆమె తప్పించుకోవడానికి చూడలేదు, ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని మెల్లగా సంచుల పక్కన కింద కూర్చుంది.

"మూడు రోజుల్నుంచి ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను," అంది. "నిన్న ఈ బాబు వచ్చాడు. వచ్చీ రాగానే అల్లుడి పేరు రాసేసుకుని వెళ్ళిపోయాడు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మాయిని రమ్మన్నాడని నాకు తెలుసు. అది రాకముందే పని నేను చేసేస్తే దాని ఊసెత్తడనుకున్నాను. రాత్రి ఆయన ఇంటికి రాలేదు. గొడవైతే ఇక్కడే పడుకుంటాడు, అలవాటే. ఆరున్నరకి వచ్చాను. సంచులు మెట్టు మీదే ఉన్నాయి. తలుపు తీస్తే, ఇక్కడ పడున్నాడు."

"స్పృహలో ఉన్నారా?"

"ఉండకేం? నన్ను చూసి, ఇప్పుడా రావడం అని తిట్టాడు. లేపబోతే తుంటి పట్టుకుని కేక పెట్టాడు. ఉండు, డాక్టర్ని పిలుస్తానన్నాను. కొట్టు ముందర ఫోనుంది కదా, అటు నడిచాను కూడా."

"మరి?"

"'ముందు సంచులు లోపలికి తే,' అన్నాడు. 'చెమట పట్టేస్తున్నాయి. జల్లెడ పట్టి, ఫ్రిజ్జులో పెట్టి, అప్పుడు పిలువు' అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ నమ్మలేనట్టు డిటెక్టివ్ వైపు చూశాడు. డిటెక్టివ్‌కి నమ్మడానికి కష్టమేమీ కాలేదు. ఆ మంగళవారం పొద్దున డ్రైవరూ తలుపు దాకా వచ్చి, సరుకు వేడెక్కుతుందనే వెళ్ళిపోయాడు. వాళ్ళ లోకంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది పురుగుల్ని.

"పెళ్ళయిన నాటినుంచీ ఆయన చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలుసు నాకు. అటు తిరిగినదాన్నల్లా ఇటు తిరిగాను. మొదటి సంచి విప్పాను. పట్టాను. పొట్టు మీద పడుతోందే అని విసుక్కున్నాడు. తవుడు ఎక్కువ పోస్తున్నావన్నాడు. పడుకునే అన్నీ చెప్పాడు."

"తర్వాత?"

"రెండో సంచి సగంలో ఉండగా గొంతు మారింది. తల పగిలిపోతోంది, ఇక చాలు, వెళ్ళి పిలువు అన్నాడు." ఆమె తన చేతులు ముందుకి చాపి చూసుకుంది. "ఈ చేతులు చూశారా బాబూ? ముప్పై ఏళ్ళ జల్లెడ. ఎంత రుద్దినా కంపు పోదు. ఆ కంపు నా దగ్గరుందని, ఇరవై రెండేళ్ళుగా నేను వడ్డిస్తే తినడు. గిన్నెలు అక్కడ పెట్టి దూరంగా జరగాలి. పని చేయించిందెవరు? ఆయనే. ఇప్పుడు నా కూతురి చేతులు కూడా ఇందులో పెట్టిద్దామనుకున్నాడు. అదంతా అప్పుడు నేను ఆలోచించానని కాదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆయన పిలువు అన్నాడు. ఇంకో సంచి ఉంది కదండీ అన్నాను."

"అల్లుడు లాకప్పులో ఉన్నాడని తెలిసి కూడా నోరు విప్పలేదేమమ్మా?" ఇన్‌స్పెక్టర్ గొంతులో అధికారం లేదు.

"వాడు తోశాడు, నేను జల్లెడ పట్టాను. ఎవరు చంపినట్టో నాకే తెలీలేదు నాయనా."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి కోర్టు గుమాస్తాతో రెండు ముక్కలు మాట్లాడాడు. నాలుగింటికి అల్లుణ్ణి తెస్తాం గానీ హత్యకేసు మీద కాదు, కాగితాలు మార్చి పంపిస్తాం అన్నాడు. డిటెక్టివ్‌ని అడిగిన పని అయిపోయింది. తల తిప్పి చూస్తే, కానిస్టేబుల్ని పక్కకి తోసుకుని కూతురు గడపలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎక్కణ్ణుంచి విన్నదో ఎవరూ చూడలేదు. ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి తలుపు మీద.

"అమ్మా," అంది. "మూడో సంచి అయ్యాకైనా పిలవాల్సింది కదే?"

తల్లి కూతురి కేసి చూసింది. కొంగు మళ్ళీ చేతుల చుట్టూ చుట్టుకుంది.

"పిలుద్దామనే లేచానమ్మడూ," అంది. "అప్పటికి ఆయన అడగడం మానేశాడు."